ట్వెల్వ్ త్రీ: ఒక ఒప్పందంలోని పనితనం

ధర్మపురి జిల్లా కారిమంగళం నుంచి జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరంగా పోతే కృష్ణగిరి, అది దాటితే హోసూరు. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. ఈ మెట్ట ఊళ్ల పిల్లలు ఐటీఐ చదివో డిప్లొమా చేసో హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల్లో చేరడం రెండు తరాలుగా మామూలైంది. అలా చేరినవాళ్లున్న ఇంట్లో మూడు నాలుగేళ్లకోసారి ఒక మాట గట్టిగా వినబడుతుంది: ‘ట్వెల్వ్ త్రీ’. చెల్లెలి పెళ్లి ఎప్పుడు పెట్టుకోవాలో, ఇంటి మీద గది ఎప్పుడు వేయాలో ఆ మాట తేలాకే నిర్ణయిస్తారు.

ట్వెల్వ్ త్రీ అంటే కార్మిక సంఘానికీ యాజమాన్యానికీ మధ్య కుదిరే వేతన ఒప్పందం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 12వ సెక్షన్, 3వ ఉపసెక్షన్ కింద కుదిరేది కాబట్టి ఆ పేరు పడింది. టైపు చేసిన కాగితాలు, వరస నంబర్లు, చివర సంతకాలు; చూపుకు ఆనేది ఏదీ అందులో ఉండదు. నిదానంగా చదివితే మాత్రం ఒక్కో షరతు వెనక ఎంత ఆలోచన ఉందో, ఎన్ని రాత్రుల బేరం ఉందో తెలుస్తుంది. ఆ పనితనాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యూనియన్ వల్ల కార్మికుడికి మేలా, యజమానికి కీడా అని టీకొట్టు దగ్గర మొదలయ్యే వాదన ఎప్పటికీ తెగదు. వాదించే ఇద్దరి కళ్లముందూ ఉండేది జెండా, గేటు మీటింగు, సమ్మె. అవి దారిలో వచ్చే మజిలీలు. సంఘం విలువ చివరికి అది రాసుకొచ్చిన ఒప్పందంలో తేలుతుందని నా నమ్మకం. పనితనమున్న ఒప్పందం ఇద్దరికీ మేలు చేస్తుంది. అది లోపించిన ఒప్పందం ఇద్దరినీ ముంచుతుంది.

సంతకం ఎక్కడ పెట్టారు

1947 చట్టం కింద ఒకే షరతులను రెండు విధాలుగా రాసుకునే వీలుండేది. రెండు పక్షాలూ తమలో తాము కూర్చుని సంతకాలు పెట్టుకుంటే అది 18(1) ఒప్పందం. సంతకం చేసిన సంఘానికీ కంపెనీకీ తప్ప ఇంకెవరికీ అది వర్తించేది కాదు. కార్మిక శాఖ రాజీ అధికారి ముందు, రాజీ చర్చలు నడుస్తుండగా కుదిరితే అది 12(3). యూనియన్‌లో లేనివాడికీ, ఎదుటి యూనియన్‌లో ఉన్నవాడికీ, రేపు కొత్తగా చేరబోయేవాడికీ కూడా అది వర్తించేది. కంపెనీ చేతులు మారితే కొత్త యజమానినీ కట్టేసేది.

గడువు విషయంలో ఆ చట్టం చూపిన జాగ్రత్త ఇంకా మెచ్చుకోదగ్గది. మూడేళ్లకు రాసుకున్న ఒప్పందం మూడేళ్లు నిండగానే చచ్చిపోయేది కాదు. ఎవరో ఒకరు దాన్ని ముగిస్తున్నామని రాతపూర్వకంగా నోటీసిచ్చి, రెండు నెలలు గడిచేదాకా నిలిచే ఉండేది. నోటీసు గడువు తర్వాత కూడా కొత్తది కుదిరేదాకా పాత షరతులే నడుస్తాయన్న దృష్టితోనే న్యాయస్థానాలు చూస్తూ వచ్చాయి. ‘గడువు తీరింది, రేపటి నుంచి పాత జీతం’ అనే వీలు యజమానికి ఉండేది కాదు. ఒప్పందం ప్రకారం రావలసిన డబ్బు ఎగవేస్తే, భూమి శిస్తు బకాయిని వసూలు చేసినట్టే కలెక్టర్ ద్వారా వసూలు చేయించుకునే దారి కూడా ఆ చట్టంలోనే ఉండేది.

పెంపును పంచడంలో ఉన్న కిటుకు

‘ఎంత పెంచారు?’ అని అందరూ అడుగుతారు. ‘ఎప్పుడెప్పుడు ఎంతెంత?’ అని అడిగేవాడు బేరం తెలిసినవాడు. నెలకు 10,000 రూపాయల పెంపు, మూడేళ్ల కాలానికి ఒప్పుకున్నారనుకుందాం. మొదటి ఏడు సగం, మిగతా రెండేళ్లలో పావు, పావు అని పంచితే కార్మికుడికి మొదటి ఏడు నెలకు 5,000, రెండో ఏడు 7,500, మూడో ఏడు 10,000 అదనంగా వస్తుంది. మూడేళ్లకు మొత్తం 2,70,000 రూపాయలు. అదే 10,000ను 40, 30, 30 శాతాలుగా పంచితే నెలకు 4,000, 7,000, 10,000. మొత్తం 2,52,000. పత్రికలో వచ్చే వార్త రెంటికీ ఒకటే: పదివేల పెంపు. కార్మికుడి ఇంటికి చేరేదానిలో తేడా 18,000. కంపెనీకి మొదటి ఏడు డబ్బు ఇబ్బంది ఉంటే రెండో పద్ధతి ఊపిరి ఇస్తుంది. ఆ ఊపిరికి బదులుగా ఇంకో షరతును సంఘం గెలుచుకోవచ్చు. మంచి నాయకుడి నేర్పు ఇక్కడే తెలుస్తుంది.

ఆ డబ్బు జీతంలో ఏ గడిలో పడుతుందన్నది రెండో కిటుకు. 5,000 రూపాయలు మూలవేతనంలో కలిస్తే గ్రాట్యుటీ లెక్కలోకి వస్తుంది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన, అంటే ఏడాదికి దాదాపు 2,885 రూపాయలు. 25 ఏళ్ల సర్వీసుకు 72,000 పైచిలుకు. అదే మొత్తాన్ని గ్రాట్యుటీ లెక్కకు రాని అలవెన్సుగా ఇస్తే నెలనెలా చేతికొచ్చేది మారదు, రిటైరయ్యే రోజున మాత్రం ఆ 72,000 ఉండదు. అలవెన్సులను ఇలా పెంచుకుంటూ పోవడాన్ని అరికట్టడానికే, మొత్తం ప్రతిఫలంలో మినహాయింపులు సగం దాటితే దాటినంతా వేతనంగానే లెక్కించాలని కొత్త వేతన స్మృతి నిర్దేశించింది. చట్టం ఇప్పుడు చేసిన ఈ పనిని చదువు తెలిసిన సంఘాలు బేరం బల్ల దగ్గర ఏనాడో చేస్తూ వచ్చాయి.

ధర పెరిగితే జీతం పెరగాలి

తమిళనాడు ఒప్పందాల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది కరువు భత్యం షరతు. ఇక్కడివాళ్లు దాన్ని పంజప్పడి అంటారు. చెన్నై నగర వినియోగదారుల ధరల సూచీ ఒక పాయింటు పెరిగితే ఇన్ని రూపాయలు అని చాలా ఒప్పందాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. బియ్యం ధర పెరిగిన ప్రతిసారీ సంఘం గేటు దగ్గర నిలబడి అరవనక్కర్లేదు, యజమాని ప్రతిసారీ బెట్టు చేయనక్కర్లేదు. ఎవరినీ అడగకుండానే లెక్క తనంతట తాను నడుస్తుంది.

ఆ షరతు ఎంత గట్టిదో రెప్టకోస్ బ్రెట్ కేసు చూపించింది. ఆ మందుల కంపెనీ మద్రాసు ఫ్యాక్టరీలో కరువు భత్యం ధరల సూచీతో ముడిపడి, శ్లాబుల ప్రకారం వచ్చేది. అది మోయలేని భారమైందని, పద్ధతి మార్చాలని కంపెనీ కోరింది. తగవు సుప్రీంకోర్టుకు చేరింది. 1991లో కోర్టు కార్మికుల పక్షాన తీర్పిచ్చింది: నిజంగా భరించలేని ఆర్థిక స్థితి ఉందని రుజువు చేయకుండా, అనుభవంలో ఉన్న వేతన పద్ధతిని కార్మికుడికి నష్టం కలిగేలా మార్చడానికి వీల్లేదంది.

అదే తీర్పు జీతం లెక్కకు ఇంకో మెట్టు కట్టింది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస అవసరాల వేతనానికి కొలతలు పెట్టింది. సంపాదించేవాడి కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించాలి, తగిన ఆహారం ఉండాలి, తలకు ఏడాదికి 18 గజాల చొప్పున నలుగురికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకుకూ దీపానికీ ఇతర ఖర్చులకూ 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్లిళ్లు కూడా బతుకులో భాగమేనని, వాటికి మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు చెప్పింది. కూలివాడి ఇంట్లో పండుగ ఖర్చుకు చట్టంలో ఒక గడి కేటాయించిన ఆ తీర్పు ఒక సంఘం పట్టుదల వల్లే వచ్చింది.

యజమానికి దక్కేది

ఒప్పందం ఒకవైపుకే బరువు తూగితే ఎక్కువ కాలం నిలవదు. మంచి ఒప్పందంలో యజమాని కోసం రాసిన పేరాలు కూడా అంతే శ్రద్ధగా ఉంటాయి. వాటిలో మొదటిది శాంతి షరతు: ఈ గడువులో కంపెనీపై ఆర్థిక భారం వేసే కొత్త కోరికలు లేవనెత్తం అని సంఘం మాట ఇస్తుంది. ఆ మాటకు చట్టం బలం ఉంది. ఒప్పందం అమల్లో ఉండగా అందులోని విషయాల మీద సమ్మె చేసినా, లాకౌటు చేసినా చట్టవిరుద్ధమే. మూడేళ్ల దాకా జీతాల ఖర్చెంతో యజమానికి ముందే తెలిసిపోతుంది. ఎగుమతి ఆర్డరు ఒప్పుకునేటప్పుడు, కొత్త యంత్రానికి బ్యాంకు అప్పు తెచ్చేటప్పుడు ఆ అంకె చేతిలో ఉండటం పెద్ద ధైర్యం.

రెండోది ఉత్పత్తి షరతు. పని తెలియని చేతిలో ఇది ‘ఉత్పత్తిని 10 శాతం పెంచుతాం’ అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యం మీద మూడేళ్లూ రోజూ గొడవే. పని తెలిసిన చేతిలో అదే షరతు ఒక పేజీ అవుతుంది. ఏ లైనులో, ఏ యంత్రం మీద, ఎంతమందితో, షిఫ్టుకు ఎన్ని పీసులు అని ఉంటుంది. కరెంటు పోయిన సమయం, మెటీరియల్ రాని సమయం, డై మార్చిన సమయం లెక్కలోంచి తీసేస్తారు. తిప్పి పంపిన పీసు ఎవరి ఖాతాలో పడాలో రాస్తారు. కొత్త యంత్రం వస్తే మళ్లీ ఇద్దరూ కలిసి టైము కొలవాలని రాస్తారు. ఇలా రాసుకున్న చోట సూపర్‌వైజర్ అరవాల్సిన పని తగ్గుతుంది, ఆపరేటర్ భయపడాల్సిన పనీ తగ్గుతుంది. షాపుఫ్లోర్ మీద ఏ బోల్టు ఎందుకు విరుగుతోందో మేనేజర్‌కు చేరే దారి కూడా చాలాచోట్ల యూనియన్ కమిటీయే.

ఇచ్చిపుచ్చుకోవడంలో ఉన్న ఈ అల్లికను సుప్రీంకోర్టు 1976లో హెర్బర్ట్‌సన్స్ కేసులో గుర్తించింది. ఒప్పందంలో ఒక్కో షరతును విడదీసి ఇది బాగుంది, అది బాగాలేదు అని తూచకూడదని, మొత్తం కలిపి న్యాయంగా ఉందో లేదో చూడాలని చెప్పింది. ఒక నేతచీరలో ఒక్క పోగు లాగి దాని అందం చెప్పలేం కదా.

కాగితం లేని రోజులు

ఈ పనితనం విలువ తెలియాలంటే అది లేని కాలాన్ని చూడాలి. మద్రాసు పెరంబూరులో బిన్నీ వారి బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికుల కష్టాలను మొదట పట్టించుకున్నవాళ్లు జి. సెల్వపతి చెట్టియార్, జి. రామానుజులు నాయుడు. వాళ్లు దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బి.పి. వాడియాను కలిశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. తమిళ రచయిత తిరు.వి.క. కూడా అందులో ముందు నిలిచారు. ఆధునిక పద్ధతిలో నడిచిన తొలి భారతీయ కార్మిక సంఘంగా చరిత్రకారులు దాన్ని చెబుతారు.

అప్పటికి సంఘానికి చట్టం రక్షణ లేదు. పని మానమని కార్మికులను ప్రేరేపించడం ఒప్పంద భంగం కలిగించడమేనని కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. వాడియా మీద ఇంజంక్షన్ వచ్చింది. చివరికి ఆయన సంఘం నుంచి తప్పుకోవలసి వచ్చింది. 1921లో నెలల తరబడి సాగిన సమ్మెలో కార్మికులు కులం గీతల వెంట చీలిపోయారు. ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది పనిలో కొనసాగారు. పులియంతోపులో ఇళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, సమ్మె ఓడింది. అందరినీ కలుపుకోకుండా లేచిన సంఘం కార్మికులకే ఎంత చేటు తెస్తుందో ఆ ఏడాది చెప్పింది. మాట్లాడుకునే బల్ల లేకపోతే యజమానికి మిల్లూ నడవదు, ఊరూ నిలవదు అని కూడా చెప్పింది.

వాడియా మీద కేసు రేపిన అలజడి ఊరికే పోలేదు. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో పట్టుబట్టగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. కార్మిక తగాదాలో పని మానమన్నందుకు రిజిస్టరైన సంఘం మీద దావా వేయడానికి వీల్లేదని 18వ సెక్షన్ చెప్పింది. వాడియా మీద ప్రయోగించిన ఆయుధాన్నే గురిచూసి తీసేసిన చట్టం అది. బదులుగా సంఘం తన నిధులను దేనికి ఖర్చు చేయవచ్చో, లెక్కలు ఎలా చూపాలో నిర్దేశించింది. హక్కునూ బాధ్యతనూ పక్కపక్కనే పెట్టి రాసిన తీరు ఇప్పటికీ చదవదగ్గది.

గిరి గారి దారి

ఈ బేరమాడే విద్యలో మన తెలుగువాడు ఒకాయన గురుస్థానంలో ఉన్నాడు. వరాహగిరి వెంకటగిరి రాష్ట్రపతిగా ఎక్కువమందికి తెలుసు. అంతకు ముందు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, 1916లో తిరిగివచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టాడు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకుల్లో ఒకడు. 1937లో రాజాజీ మద్రాసు మంత్రివర్గంలో కార్మిక మంత్రి. అప్పటికి ధర్మపురి జిల్లా లేదు. కారిమంగళం సేలం జిల్లాలో, మద్రాసు ప్రావిన్సులో ఉంది. హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టిన రాజాజీ ప్రావిన్సు ప్రధాని, బరంపురంలో పుట్టిన గిరి కార్మిక మంత్రి, ఇద్దరి పాలనలో ఈ ఊరు ఉందన్నమాట.

1952లో నెహ్రూ మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక ఆయన గట్టిగా చెప్పిన మాటకు ‘గిరి విధానం’ అని పేరొచ్చింది. తగవు వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపి తీర్పు చెప్పించడం సులువు. ఆ సులువు రెండు పక్షాలనూ చేతకానివాళ్లను చేస్తుందని గిరి భావించాడు. కోర్టు తీర్పు వస్తుందని తెలిస్తే యజమాని బల్ల దగ్గర కూర్చోడు. సంఘం లెక్కలు నేర్చుకోదు, వకీలును వెతుక్కుంటుంది. ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు, మర్నాడు ఇద్దరూ అదే షాపులో మొహాలు చూసుకోవాలి. అందుకే ముందు ఇద్దరూ మాట్లాడుకోవాలి, అది తప్పితే రాజీ, అదీ తప్పితే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి, నిర్బంధ తీర్పు అన్నిటికన్నా చివర అన్నాడు. చెప్పినదానికి కట్టుబడ్డాడు కూడా. బ్యాంకు ఉద్యోగుల విషయంలో కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో మంత్రి పదవి వదులుకున్నాడు. తీర్పులంటే ఇష్టం లేనివాడే, ఇచ్చిన తీర్పును ఉద్యోగులకు నష్టంగా మార్చడం తప్పన్నాడు. ఇద్దరికీ ఇచ్చిన మాట నిలవకపోతే బేరానికే అర్థం లేదని ఆయనకు తెలుసు.

లోపాలు ఎక్కడ

మెచ్చుకున్నంత మాత్రాన లోపాలు దాచకూడదు. సమ్మె చేసిన రోజుకు జీతం ఉండదు. నోటీసు లేకుండా పదిమందో అంతకన్నా ఎక్కువమందో కలిసి పని మానితే ఎనిమిది రోజుల వేతనం దాకా కోయడానికి చట్టం అనుమతిస్తుంది. అప్పు మీద నడిచే ఇంటికి అది ఆషామాషీ దెబ్బ కాదు. ఒకే గేటు ముందు నాలుగు జెండాలుంటే ఒకరు కుదిర్చినదాన్ని ఇంకొకరు చెడగొడతారు. సంతకం చేస్తే అందరినీ కట్టేసే 12(3) బలాన్ని, తన మాట వినే చిన్న సంఘంతో చేతులు కలిపి యజమాని దుర్వినియోగం చేసే వీలూ ఉండేది. ఎవరి వెనక ఎందరున్నారో తేల్చే పద్ధతి అప్పటి చట్టంలో లేకపోవడమే దీనికి మూలం.

ఆ పద్ధతి పెడితే ఏమవుతుందో సింగరేణి బొగ్గు గనుల కంపెనీ చూపించింది. 1990ల్లో అక్కడ లెక్కలేనన్ని సంఘాలు, మాటిమాటికీ సమ్మెలు, కంపెనీకి నష్టాలు. 1998లో తొలిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు. ఎవరితో మాట్లాడాలో కంపెనీకి తెలిసింది, ఎవరిని నిలదీయాలో కార్మికుడికి తెలిసింది. సమ్మెలు తగ్గాయి. ఏటా లాభాల్లో కార్మికుడికి వాటా పంచడం అక్కడ ఆనవాయితీ అయింది. సింగరేణి కోలుకోవడానికి ఇతర కారణాలూ ఉన్నాయి. ఈ ఒక్క గొంతు కూడా వాటిలో ఒకటి.

బల్లే లేని చోట ఏమవుతుందో శ్రీపెరుంబుదూరులో చూశాం. 2024 సెప్టెంబర్ 9న సామ్‌సంగ్ ఫ్యాక్టరీలో మొదలైన సమ్మె 37 రోజులు నడిచింది. సంఘాన్ని గుర్తించాలన్నదే అందులో ముఖ్యమైన కోరిక. 2025 జనవరిలో సంఘం రిజిస్టరైంది, మే నెలలో వేతన ఒప్పందం కుదిరింది. మే నెలలో కూర్చున్న బల్ల దగ్గరే ముందు సెప్టెంబర్‌లో కూర్చోగలిగితే రెండు పక్షాలకూ ఎంత నష్టం తప్పేదో!

1926, 1947 చట్టాల స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. 51 శాతం సభ్యత్వమున్న సంఘమే బేరమాడే సంఘం; అంత బలం ఎవరికీ లేకపోతే 20 శాతానికి ఒక్కరి చొప్పున కౌన్సిల్. గుర్తింపు విషయంలో ఇది మంచి అడుగు. అన్ని సంస్థల్లోనూ సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి చేయడం కార్మికుడి చేతిలోని ఆయుధాన్ని మొద్దు చేస్తుందని సంఘాలు అంటున్నాయి. ఆ ఆందోళన నాకు సబబుగానే తోస్తుంది.

అన్నిటికంటే పెద్ద లోపం ఒకటుంది. పర్మనెంట్ కార్మికుడి పక్కనే అదే యంత్రం మీద పనిచేసే కాంట్రాక్టు కుర్రాడి పేరు చాలా ఒప్పందాల్లో ఎక్కడా ఉండదు. యజమానికి పర్మనెంట్ జీతం బరువైనకొద్దీ కొత్త నియామకాలు ఆగి కాంట్రాక్టు చేతులు పెరుగుతాయి. అలా తన వాళ్లకు గెలిచిన ప్రతి రూపాయీ సంఘానికి ఒక సభ్యుణ్ణి తగ్గిస్తూ పోతుంది. పెద్ద గేటు బయట పనిచేసే మేస్త్రీ కూలీలకూ బరువులు మోసేవాళ్లకూ తమిళనాడు 1982 శ్రామికుల చట్టం కింద సంక్షేమ బోర్డులు కట్టింది. వాటి సభ్యత్వ కార్డు ఇప్పించడం కూడా సంఘాల పనే అయింది. ఫ్యాక్టరీ లోపలి కాంట్రాక్టు కార్మికుడికి అంత దన్ను కూడా తరచూ దొరకదు.

1921లో పెరంబూరు నేర్పిన పాఠం ఇదే: కొందరిని బయట పెట్టిన ఐక్యత నిలవదు. వచ్చే ట్వెల్వ్ త్రీలో కాంట్రాక్టు కార్మికుడి కనీస కూలి, ఇన్నేళ్ల తర్వాత పర్మనెంట్ చేయడం, క్యాంటీన్ బల్ల దగ్గర సమానత్వం అనే మూడు షరతులు రాయించగలిగిన నాయకుడే ఈ కాలపు పనిమంతుడు. యజమాని కూడా ఆ షరతుల్లో తన మేలు చూడగలగాలి. నేర్చిన చేతులు ఆరు నెలలకోసారి మారిపోతుంటే నాణ్యత నిలవదు.

కారిమంగళం నుంచి రేపు హోసూరు బస్సెక్కే కుర్రాడికి నేను చెప్పేదొకటే. సభ్యత్వ రసీదు తీసుకోవడంతో నీ పని అయిపోలేదు. మీ కంపెనీ ఒప్పందం ప్రతి అడిగి తెచ్చుకో. పెంపు ఏ ఏడాది ఎంత, మూలవేతనంలో ఎంత, పంజప్పడి సూచీతో ముడిపడిందా లేదా, పీసుల లెక్కలో కరెంటు పోయిన సమయం తీసేశారా, కాంట్రాక్టు తమ్ముళ్ల గురించి ఏం రాశారు, ఇవి చూసుకో. అర్థం కానిది జనరల్ బాడీలో లేచి అడుగు. సభ్యులు చదవని ఒప్పందాన్ని నాయకుడూ శ్రద్ధగా రాయడు. చదివే సభ్యులున్న సంఘం గట్టిగా బేరమాడుతుంది, ఆడిన మాట మీదా నిలబడుతుంది. యజమానికి దొరికే మంచి భాగస్వామి కూడా ఆ సంఘమే.